ఎనిమిదో పోర్టు

నేను ఒక స్విచ్‌ను. గోడ మీద దీపం వెలిగించే రకం కాదు. కంప్యూటర్ల మధ్య కబుర్లు చేరవేసే రకం. చిన్న ఇనుప పెట్టె, తీగలు గుచ్చడానికి ఎనిమిది పోర్టులు, పోర్టుకొక పచ్చదీపం. ఏ కర్మాగారంలో పుట్టానో గుర్తులేదు. నా అడుగున ఒక నంబరు ఉంది. తమ పుట్టుక గురించి అంతకుమించి చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

పల్నాడులోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి నెట్‌వర్కింగ్ కోర్సు పెట్టి, నన్ను బల్ల మీద ఉంచారు. పాఠం చెప్పేది హైమవతి మేడం. ఆమెది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. తనిఖీ అధికారి బాగుందని రాస్తే కోర్సు ఉంటుంది. కోర్సు ఉంటే ఆమె ఉంటుంది.

మొదటి వారంలోనే ఆమె ఒక తీగ రెండు కొసలనూ నాలోనే గుచ్చింది. నా దీపాలన్నీ పిచ్చెత్తినట్టు మిణుకుమన్నాయి.

"చూశారా? కబురు బయటికి పోయే దారి లేక దీంట్లోనే గిరగిరా తిరుగుతోంది. ఇక ఎవరి మాటా ఎవరికీ అందదు. దీపాలు వెలిగాయని పనిచేస్తోందనుకోకండి. పరీక్షించి చూడండి" అని ఒక కొస పీకేసింది.

తనిఖీ రోజున ప్రధానోపాధ్యాయుడు పరంధామయ్య గారి ఆజ్ఞ ఒక్కటే: గదిలో ఏదీ వేలాడకూడదు. మూడో కంప్యూటర్ మరమ్మతుకు పోయింది. దాని తీగ నా మూడో పోర్టు నుంచి బల్ల కిందికి వేలాడుతోంది. అటెండరు ఏసోబు ఆ కొసను చొక్కాకు తుడిచి, ఖాళీగా ఉన్న ఎనిమిదో పోర్టులో జాగ్రత్తగా గుచ్చాడు. ఆ రోజు చెప్పిన పని చెప్పినట్టు చేసినవాడు అతనొక్కడే.

అధికారి వచ్చాడు. మిణుకుమంటున్న నా దీపాలను చూసి ముచ్చటపడ్డాడు. "అబ్బో, ఎంత జోరుగా పనిచేస్తోందయ్యా ఇది! ఏదీ, ఇక్కణ్ణుంచి ఆ కంప్యూటర్‌కు ఒక ఫైలు పంపించండమ్మా."

ఫైలు పోలేదు. మళ్లీ పంపారు. పోలేదు. మేడం నా వైపు వంగింది.

"ముట్టుకోమాకండి మేడం! సారు ముందర అదొకటి పాడుచేసేరు" అన్నాడు పరంధామయ్య.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

రెండో బెంచీ నుంచి షమీమ్ అనే పిల్ల లేచింది. "సార్, రెండు కొసలూ దాంట్లోనే ఉన్నాయి సార్. ఒకటి పీకితే చాలు."

"నిన్నడిగారా? కూర్చో" అన్నాడు పరంధామయ్య.

అధికారి మర్యాదస్తుడు. ఎవరినీ ఏమీ అనలేదు. "పరికరం బాగున్నది. బోధన లేదు" అని రాసి సంతకం పెట్టాడు.

అతని కారు గేటు దాటాక షమీమ్ వచ్చి కొస పీకింది. ఫైలు రెప్పపాటులో వెళ్లింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"నేనేం చేశానండీ, సర్దానంతే" అన్నాడు ఏసోబు.

"బాగానే సర్దావులే ఏసోబూ" అంది మేడం. ఒక కాగితం ముక్క మీద 'ఖాళీగా ఉంచవలెను' అని రాసి ఎనిమిదో పోర్టు మీద అంటించింది. గంట కొట్టేదాకా మిగిలిన పాఠం చెప్పింది. వేసవి సెలవుల తర్వాత కోర్సు లేదు. ఆమె రాలేదు.

ఇప్పుడు నేను బీరువాలో, ఇరుసు విరిగిన గ్లోబు పక్కన ఉన్నాను. కాగితం ఇంకా ఊడలేదు. ఏటా మార్చిలో సామాను పట్టీ సరిచూస్తారు.

"స్విచ్చి ఉందా?"

"ఉందండీ."

నా పేరు ఎదుట 'పనిచేయుచున్నది' అని రాసుకుంటారు. నాకు కరెంటు ఇచ్చి చూసినవాళ్లు ఇంతవరకు లేరు. వాళ్లు రాసినది నిజమే. అయితే అది వాళ్లకు తెలిసిన నిజం కాదు.