రొట్టె అడుగు

హోసియత్ తందూరులోంచి రొట్టెలు తీసే వేళకి వీధివీధంతా ఆమె వాకిట్లోనే ఉండేది. మా బొగ్గు ఊరు ఆంగ్రెన్‌లో ఎవరైనా రొట్టె చేతికి రాగానే వాసన చూస్తారు. మా వీధివాళ్ళు మాత్రం ముందు మంట ఎక్కడుందో చూస్తారు.

మా ఊరి గ్యాసు స్టేషన్‌వాళ్ళు బొగ్గు తవ్వరు. భూమిలో ఉన్నచోటే అంటించి, ఒక గొట్టంలోంచి గాలి ఊది, ఇంకో గొట్టంలోంచి గ్యాసు లాగి కరెంటు కేంద్రానికి పంపుతారు. కింద ఆ మంట ఎటు పాకితే హోసియత్ రొట్టె మీద అటువైపు ఎర్రగా కాలుతుంది. రొట్టె నడుమ ఆమె గుచ్చిన పువ్వు ముద్ర ఉన్నచోటు మా వీధి, కుడి అంచు కొండ. "ఇవాళ మసీదు దాకా వచ్చిందే" అనుకుని, తుంచుకుని, టీతో తినేవాళ్ళు.

"మీ మంట నా రొట్టెలు మాడ్చేస్తోందయ్యా" అనేది హోసియత్, తన భర్త తుర్దాలీతో. ఆయన స్టేషన్‌లో గొట్టాలు చూసేవాడు.

"నువ్వు ఇంట్లో పెట్టే మంట ముందు అదెంతలే" అనేవాడాయన.

ఆ వసంతంలో స్టేషన్‌వాళ్ళ కన్ను సరిగ్గా మా వీధి కిందున్న బొగ్గు మీద పడింది. అది కాలితే నేల కుంగుతుంది కాబట్టి అందరికీ అపార్ట్‌మెంట్లు ఇస్తామన్నారు. "ఐదో అంతస్తులో తందూరెక్కడ పెట్టుకోను?" అని హోసియత్ కనబడ్డవాళ్ళందరినీ అడిగింది. కొత్తకోడలిగా వచ్చిన మర్నాటి నుంచీ ఆ తందూరే ఆమె బతుకు. అది లేకపోతే తనెవరో ఆమెకే తెలియదు.

మంట పెడితే నీళ్ళు పాడవుతాయో లేదో తేల్చడానికి తాష్కెంట్ నుంచి వేరా అనే అమ్మాయి వచ్చింది, తాతలనాడే ఇటొచ్చి స్థిరపడ్డ కొరియన్ల పిల్ల. స్టేషన్‌వాళ్ళు చూపించిన ప్రతిచోటా బోరు వేయించి నీళ్ళు పరీక్షించింది. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి.

"అడ్డుచెప్పడానికి నాకేం దొరకలేదక్కా" అంది హోసియత్‌తో దిగులుగా. "ఇంకొక్క బోరు వేయనిస్తారు. ఎక్కడ వేయాలో తెలియడం లేదు."

"రొట్టె చూడరాదూ?"

"రోజూ చూస్తూనే ఉన్నా. మంట సంగతి చెబుతోంది గానీ నీళ్ళ ఊసే ఎత్తదు."

అంటూ లేవబోయింది. ఒళ్ళోని రొట్టె జారి బోర్లాపడింది. వాకిలంతా ఒక్కసారి అయ్యో అంది. మావాళ్ళలో రొట్టెను బోర్లించడమంటే తల్లిని బోర్లా పడేసినట్టే. హోసియత్ పరుగున వచ్చి, తీసి కళ్ళకద్దుకోబోయింది.

"ఆగక్కా! తిప్పకు!" అని అరిచింది వేరా.

రొట్టె అడుగున తెల్లటి చార ఉంది. పైముఖం మంట చెబితే, అడుగు నీళ్ళు పోయే దారి చెబుతోంది. ఆ చార కొండకింద ఎప్పుడో బొగ్గు కాలిపోయి మిగిలిన పాత గుంత దగ్గర మొదలై, వీధి అడుగునుంచి, అందరూ నీళ్ళు పట్టుకునే ఊటవైపు సాగింది. అన్నేళ్ళుగా అది అక్కడే ఉంది. పుట్టి బుద్ధెరిగాక మాలో ఒక్కరూ రొట్టె అడుగు చూడలేదు, అంతే.

"బోరు ఈ చార మీద వేయాలి" అంది వేరా. తర్వాత గొంతు తగ్గించింది. "అది మీ తందూరు కిందనుంచే పోతోందక్కా."

హోసియత్ తందూరు అంచుని ఒకసారి చేత్తో నిమిరింది. తర్వాత కొట్టుగదిలోకి వెళ్ళి సుత్తి తెచ్చింది.

"ఇది మట్టిది తల్లీ, మళ్ళీ కట్టుకుంటాను. ఊటని ఎవరు కడతారు?"

మొదటి దెబ్బ ఆమే వేసింది.

బోరులోంచి తారు కంపు కొట్టే నీళ్ళొచ్చాయి. వేరా సీసా ఎత్తి వాసన చూసి, ఇక అడ్డుచెప్పొచ్చని ఎగిరి గంతేసింది. వెంటనే సిగ్గుపడింది. హోసియత్ ఆమెను వాటేసుకుని నవ్వింది. చెడిపోయిన నీళ్ళు చూసి పండగ చేసుకున్న వీధి లోకంలో మాదొక్కటే అయ్యుంటుంది. ఆ కంపు ఇంకా ఊటదాకా చేరలేదు.

స్టేషన్‌వాళ్ళు మా వైపు మంట ఆర్పేశారు. పాడైన నీళ్ళు తోడి శుద్ధి చేశారు. కొత్త మంట నది అవతల, ఇళ్ళు లేనిచోట పెట్టుకున్నారు. తుర్దాలీ సైకిలు దూరం పెరిగిందని సణిగాడు, మురిసిపోతూనే.

వీధి ఆడవాళ్ళంతా మట్టిలో గొర్రెబొచ్చు కలిపి తొక్కారు. కొత్త తందూరు లేచింది. తొలి రొట్టె తీసినప్పుడు అందరూ మెడలు సాచారు. రొట్టె ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఒకే బంగారు రంగులో ఉంది, నడుమ పువ్వు ముద్ర తప్ప ఇంకేమీ లేదు.

"మంటేదే?" అన్నాడు పేటపెద్ద నర్మత్ తాత.

హోసియత్ అటూ ఇటూ వెతికింది. ఆమె కళ్ళు నిండాయి.

"లేదు తాతా. ఉత్త రొట్టె!"

తుంచి చేతిచేతికీ పెట్టింది. ఆ ఉదయం మా వీధిలో ఎవరూ రొట్టెను చూస్తూ నిలబడలేదు. వేడివేడిగా తినేశారు.