తెర మాట్లాడే దాకా

"నీకు చదవడం రాదక్కా" అన్నాడు మా తమ్ముడు.

ఒళ్ళు మండిపోయింది. వాడికి చూపు పోయిన నాటి నుంచి పాఠపుస్తకాలు, మందు సీసాల మీది రాతలు, బస్సుల బోర్డులు, కరెంటు బిల్లులు అన్నీ చదివి పెట్టింది ఎవరు? పక్కింటావిడా? గొంతు బొంగురుపోయేలా చదివి, వాడి చేత డిగ్రీ పూర్తి చేయించిన మనిషిని పట్టుకుని చదవడం రాదంటాడా!

"ఏం రాదురా నాకు? తెర మీద ఏవో నాలుగు ఉన్నాయి, అందులో ఒకటి ఎంచుకోమంటోంది. అదే కదా చెప్పాను!"

"నువ్వు చెప్పింది సారాంశం. నేనడిగింది అక్షరాలు. పై నుంచి కింది దాకా, ఒక్క మాట కూడా వదలకుండా."

వరండాలో పేపరు చూస్తున్న మా ఆయన అక్కడి నుంచే అందుకున్నాడు. "మీ అక్క పెళ్ళి కార్డు చదివినా అంతేనోయ్ బామ్మర్దీ. పెళ్ళట, వెళ్ళాలట. ఎవరి పెళ్ళో మనం కనుక్కోవాలి."

"మీరు పేపరు చూసుకోండి" అన్నాను.

అసలు ఈ గొడవంతా ఎందుకొచ్చిందో చెప్పాలి. మా తమ్ముడు చేసే పని, కళ్ళు కనపడని పిల్లల కోసం రికార్డు చేసిన పాఠాలను శుభ్రం చేయడం. ఎవరో పంతులుగారు సైన్సు పాఠం చదువుతూ మధ్యలో దగ్గుతారు, పేజీ తిప్పుతారు, తడబడి మళ్ళీ మొదలెడతారు. వీడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ దగ్గులూ ఆ తడబాట్లూ ఏరి పారేస్తాడు. కంప్యూటర్ వాడికి తెర మీదున్నదంతా గొంతుతో చదివి వినిపిస్తుంది. ఆ గొంతు ఎంత వేగంగా వాగుతుందంటే నాకు ఒక్క ముక్క అర్థం కాదు, వాడికి మాత్రం మంచినీళ్ళు తాగినట్టు ఎక్కుతుంది.

కిందటి వారం ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, కూరగాయల ధరలు చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆఫీసు దగ్గర ఒక గది చూసుకున్నాడట. వచ్చే నెల నుంచి అక్కడే ఉంటాడట. ఒక్కడే.

నా చేతిలో ఉన్న గుడ్డ కింద పడింది. ఇంట్లో బట్టలు కుట్టుకునే దాన్ని, కత్తెర పడలేదు, అదొక్కటే అదృష్టం. పొయ్యి ఎలా వెలిగిస్తావన్నాను, జ్వరమొస్తే ఎవరు చూస్తారన్నాను, నోటికొచ్చిందల్లా అన్నాను. దేనికీ చలించలేదు. చివరికి నాకు గుర్తొచ్చింది. అప్పటికి రెండు రోజులుగా వాడి కంప్యూటర్ చచ్చి పడి ఉంది. మీట నొక్కితే ఒక నల్ల తెర వచ్చి, ఏదో ఒక వాక్యం చూపించి, అక్కడే ఆగిపోతోంది.

"సరే" అన్నాను. "ఆ కంప్యూటర్‌ని నా సాయం లేకుండా నువ్వొక్కడివే బాగు చేసుకో. చేసుకున్న రోజున వెళ్ళు. ఆటో కూడా నేనే పిలుస్తాను. అందాకా ఆ మాటెత్తకు."

కోపంలో అన్నమాటే. కానీ కోపంలో కూడా నాకు లెక్క తెలుసు. కంప్యూటర్ నడుస్తున్నంత సేపే దానికి గొంతు. నడవకపోతే అది మూగది, వీడికి కనపడదు. ఇంక ఎలా బాగు చేస్తాడు? నా తమ్ముడు నా ఇంట్లోనే ఉంటాడని ధీమాగా పడుకున్నాను.

రిపేరు షాపుకి ఇవ్వడానికి వాడు ససేమిరా ఒప్పుకోలేదు. కిందటిసారి ఇస్తే ఆ రిపేరాయన అంతా బాగు చేసి, ఆ చదివే గొంతుని మాత్రం పీకేసి పంపాడు. అడిగితే, "అది ఊరికే వాగుతోందమ్మా, వైరస్ అనుకుని తీసేశా" అన్నాడు. పైగా ఏదో పనికిరాని ముక్క ఒకటి డిస్కులో వదిలేశాడు. అప్పటి నుంచి ఆ రిపేరాయన పేరెత్తితే మా తమ్ముడికి పళ్ళు నూరుకోవడమే.

అందుకని ఆఫీసు కంప్యూటర్లో కూర్చుని తనే ఒక పెన్‌డ్రైవు తయారు చేసుకొచ్చాడు. మామూలు పెన్‌డ్రైవు కాదట. కంప్యూటర్ లోపలి డిస్కు లేవలేకపోతే, దీన్ని గుచ్చి, దీనితోనే లేపి, ఆపరేటింగ్ సిస్టమ్‌ని కొత్తగా ఎక్కించవచ్చట. చిక్కేమిటంటే, ఆ ఎక్కించే తెరలు వాడి కంప్యూటర్లో మాట్లాడవు. ఫోను కెమెరా పెట్టి చదివిద్దామని చూశాడు గానీ, తెర మెరుపుకి అది సగం చదివి సగం మింగేసింది.

"ఒక్కసారి నువ్వు చదివి పెట్టు" అన్నాడు. "ఒక్కసారే. చేతులు నావి. రెండోసారి నేనొక్కడినే చేస్తాను. అప్పుడు పందెం."

అదీ సంగతి. ఆదివారం పొద్దున్న, వాడి గదిలో, వాడి పక్కన స్టూలు మీద కూర్చుని చదవడం రాదనిపించుకుంటున్నాను.

"మళ్ళీ చదువు" అన్నాడు.

పళ్ళ బిగువున చదివాను. డిస్కుని గదులుగా విడగొట్టి, ఒక్కో గదినీ ఒక్కో వరసగా చూపించే తెర అది. మొదటి వరస చిన్న ముక్క, కంప్యూటర్ లేవడానికి వాడుకునేది. రెండోది ఆ రిపేరాయన వదిలేసిన చెత్త. మూడోది పాత సిస్టమ్ ఉన్న గది. నాలుగోది పెద్దది, దాదాపు నిండిపోయింది. సైజులు చదివాను, మిగిలిన ఖాళీ చదివాను, పక్కన ఉన్న ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుని మరీ చదివాను.

"నాలుగోది నా పాఠాలు" అన్నాడు. గొంతు మారింది. "రెండేళ్ళ పని. వచ్చే నెల పరీక్షలకి పిల్లలు వినాల్సినవి కూడా అందులోనే ఉన్నాయి. దాని జోలికి పోకూడదు."

రెండో ముక్కనీ మూడో గదినీ చెరిపి, రెండూ కలిపి ఒకటే గది చేశాడు. నేను చదువుతున్నాను, వాడు మీటలు నొక్కుతున్నాడు. నొక్కిన ప్రతిసారీ పెదాలు కదులుతున్నాయి. అప్పుడర్థమైంది నాకు. అక్షరం వదలకుండా చదవమన్నది చాదస్తం కాదు. ఏ తెర తర్వాత ఏ తెర వస్తుందో, ఎక్కడ ఎన్నిసార్లు కిందికి నొక్కాలో, అన్నీ వేళ్ళకి ఎక్కించుకుంటున్నాడు.

వీడు వెళ్ళిపోతాడు.

ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది, దాచుకోవడం దేనికి? ఆ తెర మీద ఏముందో ఈ గదిలో నాకొక్కదానికే తెలుసు. నేనేం చెబితే అదే ఉన్నట్టు. 'అవలేదురా, ఏదో ఎర్రగా వచ్చింది' అంటే అయిపోయె. నోటి దాకా వచ్చింది. కానీ వాడు నా వైపు తల వంచి, నా మాట కోసం చెవి ఇచ్చి కూర్చున్నాడు. ఆ చెవిలో అబద్ధం పోయడానికి నోరు రాలేదు.

"నూటికి నూరూ అయింది" అన్నాను. "ఆగిపోయి మళ్ళీ లేస్తోంది."

కాసేపటికి వాడు ఏవో మీటలు కలిపి నొక్కాడు. కంప్యూటర్ గొంతు విప్పింది. వాడి ముఖం చూడాలి! పాఠాలన్నీ ఒక్కొక్కటే తెరిచి విని, అన్నీ ఉన్నాయని తేల్చుకున్నాక కుర్చీలో వెనక్కి వాలాడు. నేను వంట చూసుకోవడానికి వెళ్ళాను.

భోజనాలయ్యాక మళ్ళీ పిలిచాడు. "ఇప్పుడు నా వంతు. పెన్‌డ్రైవు గుచ్చాను. నువ్వు బయటికెళ్ళి తలుపు వేసెయ్యి."

"అంత బాగా నడుస్తున్న దాన్ని మళ్ళీ చెరుపుతావా? పిచ్చా నీకు?"

"పందెం వేసింది నువ్వే కదా."

తలుపు దాకా నడిచాను. తలుపు తీశాను. గట్టిగా వేశాను.

లోపలే ఉండిపోయాను.

ఎందుకని అడిగితే చెప్పలేను. తలుపుకి వీపు ఆనించి, చెప్పులు లేని కాళ్ళ మీద కదలకుండా నిలబడ్డాను. వాడు కంప్యూటర్ని ఆపి, మళ్ళీ లేపుతూ, ఒక మీటని టకటకా కొట్టాడు. దేనితో లేవమంటావని అడిగే తెర వచ్చింది. ఒకసారి కిందికి, ఒక నొక్కు. పెన్‌డ్రైవు మీది చిన్న దీపం మినుకుమంది. ఒక్కో తెరా వస్తోంది, పోతోంది. తడుముకోవడం లేదు. తెర రావడానికి పట్టే సమయం కూడా మనసులో లెక్కపెట్టుకుంటున్నాడు. చూస్తుంటే గర్వంగా ఉంది, ఏడుపొస్తోంది, రెండూ ఒకేసారి.

ఇక గదుల వరస తెర వచ్చింది. వాడు పొద్దుట్లాగే కిందికి నొక్కి, మూడో వరస మీద ఆగాడు.

మూడో వరస!

పొద్దున్న రెండు కలిపి ఒకటి చేశాం కదా. వరసలన్నీ ఒకటి పైకి జరిగాయి. ఇప్పుడు సిస్టమ్ గది రెండోది. మూడోది వాడి పాఠాలు. వాడి బుర్ర మర్చిపోయింది, వేళ్ళు మాత్రం పొద్దుటి లెక్కనే పట్టుకున్నాయి.

చెరిపే మీట నొక్కాడు. 'ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా' అని తెర అడిగింది. తెర అడిగిన సంగతి చూసింది నేనొక్కదాన్నే. వాడి వేలు సరే అనే మీట వైపు కదిలింది.

నిజం చెబుతున్నాను. ఆ క్షణంలో నాకు ముందు కలిగింది భయం కాదు. ఓడిపోయాడు, ఇంక వెళ్ళడు అన్న సంతోషం. ఛీ, నా బతుకు! ఆ తర్వాతే రెండేళ్ళ పాఠాలు గుర్తొచ్చాయి, పరీక్షలకి చదువుకునే పిల్లలు గుర్తొచ్చారు.

"ఆగరా! అది కాదు!" అని అరిచాను.

వాడి వేలు గాలిలో ఆగింది. ఉలిక్కిపడలేదు. నెమ్మదిగా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎప్పుడు అరుస్తావా అని చూస్తున్నాను" అన్నాడు.

"నేనున్నానని... తెలుసా?"

"ఊపిరి బిగబట్టావు కదక్కా. మామూలుగా పీల్చినా ఇంత వినపడేది కాదు. రోజంతా ఊపిరి చప్పుళ్ళు ఏరేవాడితో పెట్టుకుంటే ఎలా?"

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కోపమే ముందొచ్చింది. "ఉండబట్టి సరిపోయింది! లేకపోతే రెండేళ్ళ పని గంగలో కలిసేది! అది నీ పాఠాల గదిరా, నువ్వు..."

"పాఠాలు వేరే డిస్కులోకి ఎక్కించాను. నువ్వు వంట చేస్తున్నప్పుడు. అది బావ బీరువాలో ఉంది."

తలుపు దగ్గర నుంచి వాడి కుర్చీ దాకా వచ్చాను.

"అంటే తప్పు వరస అని తెలిసే నొక్కబోయావా?"

"తెలీదు. నువ్వు అరిచే దాకా తెలీదు. కానీ ఎక్కడో ఒకచోట తప్పు చేస్తానని తెలుసు. చేస్తే ఏమీ పోకుండా ముందే చూసుకున్నాను." కుర్చీ నా వైపు తిప్పాడు. "నన్నెప్పుడూ తప్పు చేయనివ్వలేదు నువ్వు. గుంట ఉందంటే చెయ్యి పట్టుకున్నావు, పాలు పొంగుతున్నాయంటే వచ్చి దింపావు. మంచిదే. నువ్వు లేకపోతే నేను లేను. కానీ అక్కా, తప్పు చేయడానికే నిన్ను బయటికెళ్ళమన్నాను. ఆ తప్పు ఒక్కసారైనా నేను చేసి, నేనే దిద్దుకోవాలి."

కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుంటే ఆ చప్పుడు కూడా వినపడుతుందేమోనని తుడుచుకోలేదు.

"ఇప్పుడు నువ్వు సాయం చేసేశావు" అన్నాడు. "ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ మొదటి నుంచి చేస్తాను."

"వరసలెందుకు మారాయో చెప్పనా?"

"చెప్పావంటే ఊరుకోను."

ఈసారి తలుపు తీసి, బయటికొచ్చి, వేశాను. హాల్లో కుట్టు మిషను ముందు కూర్చున్నాను. ఒక జాకెట్టు చేతి కుట్టు వేయబోయి, తిరగేసి వేసి, విప్పాను. అక్కడే కూర్చున్న మా ఆయన పేపరు మీద నుంచి నన్నొకసారి చూశాడు. నా ముఖం ఎలా ఉందో ఏమో, ఏ జోకూ వేయలేదు.

లోపల టకటకా మీటలు. ఆగాయి. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత "థూ" అన్నాడు. లేచి పరుగెత్తబోయాను. మా ఆయన నా కొంగు పట్టుకున్నాడు. కూర్చున్నాను. మళ్ళీ మొదటి నుంచి టకటకా. మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి తనలో తనే నవ్వుకున్నాడు. తప్పు పట్టుకుని నవ్వాడో, పోగొట్టుకుని నవ్వాడో నాకెలా తెలుస్తుంది?

"అక్కా!" అని కేకేశాడు.

"ఏంట్రా! రమ్మంటావా?"

"వద్దు. ఎక్కడున్నావని అడుగుతున్నా."

ఎన్నడూ అలా అడగలేదు వాడు. నేనెక్కడున్నానో వాడికి ఎప్పుడూ తెలుసు. మూసిన తలుపు వైపు చూస్తూ చెప్పాను.

"బయటే ఉన్నాను. నువ్వు కానియ్యి."