చక్రాలు ఆగితే

నీళ్ళ చప్పుడు.

సముద్రం చప్పుడు కాదు. సముద్రం సరుగుడు తోపు అవతల ఉంది, దాని పాట్లు అది పడుతుంది. ఇది రొయ్యల గుంటల్లో చక్రాల చప్పుడు. కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూ, నీళ్ళను చిలుకుతూ, రొయ్యకు ఊపిరి అందించే చక్రాలు.

తప తప తప తప...

పుష్పకుమారి ఆ చప్పుడులోనే వండుతుంది. ఆ చప్పుడులోనే ఊళ్ళో ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతుంది. గట్టు మీది రెండు గదుల ఇంట్లో, ఆ చప్పుడులోనే మొగుడు బెన్హర్ పక్కన కళ్ళు మూసుకుంటుంది. గుంటలకు కాపలా, మేత, మందు అన్నీ బెన్హరే. కోట టౌనులో ఉండే యజమాని ఎప్పుడో ఒకసారి బండి మీద వచ్చి చూసిపోతాడు.

కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు, ఈ గోలలో ఎట్లా ఉంటున్నారమ్మా అని.

ఆమె నవ్వి ఊరుకుంటుంది.

ఆమెకు గోలతో పేచీ లేదు. గోల ఆగితేనే...

ఒకసారి ఆగింది.

తుపాను దాటిపోయిన మర్నాడు, మబ్బు కమ్మిన మధ్యాహ్నం. కరెంటు పోయింది. జనరేటరు ఎంత తిప్పినా అందుకోలేదు. చక్రాలు నెమ్మదించాయి... ఇంకా నెమ్మదించాయి... నిలబడిపోయాయి.

రొయ్య పైకొచ్చింది. గట్టు పొడుగునా, నీళ్ళ అంచున, మీసాలు పైకి పెట్టి, గాలి కోసం.

బెన్హర్ చొక్కా కూడా విప్పకుండా గుంటలోకి దూకాడు. నడుం లోతు నీళ్ళలో నిలబడి రెండు చేతులతో నీళ్ళు కొట్టాడు. చేతులతో! అంత గుంటను చేతులతో. ఆమె కూడా చీర ఎగ్గట్టి దిగింది. ఇద్దరూ కొట్టారు. దేవా, దేవా అంటూ భుజాలు పడిపోయేదాకా కొట్టారు.

సాయంత్రానికి గట్టు పొడుగునా రొయ్యలు తెల్లబడి పడి ఉన్నాయి.

బెన్హర్ ఏడ్చాడు. ఏడ్చి, తిని, పడుకున్నాడు. కొన్నాళ్ళకు కొత్త రొయ్యపిల్ల తెచ్చి మళ్ళీ గుంటలో వదిలాడు. ఆమె మాత్రం ఆ నీళ్ళలోంచి పైకి రాలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఆమెకు కూడా తెలియలేదు, చర్చిలో ఆ ఆదివారం దాకా.

ఆ ఆదివారం చర్చిలో కరెంటు లేదు.

పాస్టర్ సంజీవరావు గారు, కాసేపు మౌనంగా ప్రార్థన చేసుకుందాం అన్నారు. పాట ఆగింది. డోలక్ ఆగింది. చంటిపిల్లలు కూడా ఎందుకో ఊరుకున్నారు.

నిశ్శబ్దం.

పుష్పకుమారికి ఎవరో గుండెను పిడికిట్లో పట్టి పిండుతున్నట్టు అయింది. ఊపిరి సలపలేదు. చేతులు తిమ్మిరెక్కాయి. నోరు పిడచకట్టుకుపోయింది. చచ్చిపోతున్నాను అనుకుంది. అనుమానంగా కాదు, ఖాయంగా అనుకుంది. కళ్ళు మూసుకున్న మనుషుల మధ్య నుంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి పరుగెత్తింది. ఇసకలో కూలబడి నోరు తెరిచి గాలి మింగింది.

రొయ్య మాదిరి.

ఆ పోలిక ఆమెకే తట్టింది, ఇంటికొచ్చాక. తట్టి, మళ్ళీ ఏడ్చింది.

గుండెనొప్పి అన్నారు. గ్యాస్ అన్నారు. దేవుడు పెట్టే శోధన అన్నారు. ఊళ్ళో వయసైన నాగులమ్మ అయితే, తుపాను గాలి లోపలికి పోయి బయటికి రావడం లేదని తేల్చేసింది. నెల్లూరులో గుండెకు పరీక్షలన్నీ చేసి, గుండ్రాయిలా ఉన్నావు పొమ్మన్నారు. అయినా అది వస్తూనే ఉంది. బస్సులో వచ్చింది. అన్నం వారుస్తుంటే వచ్చింది. రాబోతుందేమో అన్న భయానికే వచ్చింది. జాకెట్టు కొలతలు తీసుకోవడానికి కూడా ఎవరింటికీ పోవడం మానేసింది.

చివరికి నెల్లూరులోనే ఒక డాక్టరమ్మ ఆమె చెప్పిందంతా విన్నది. మధ్యలో గడియారం వైపు చూడలేదు.

"ఇది జబ్బేనమ్మా. నువ్వు నటించడం లేదు. దీనివల్ల చావవు కూడా."

పుష్పకుమారికి ప్రాణం లేచొచ్చింది. రోజూ ఒక మాత్ర రాసింది డాక్టరమ్మ. నెమ్మదిగా పని చేస్తుంది, ఓపిక పట్టు, నీ అంతట నువ్వు మాత్రం మానొద్దు అంది.

మానొద్దు అంది. పుష్పకుమారి విన్నది. బాగానే విన్నది.

ఆమె మాత్ర మింగిన ఆ నెలల్లోనే, శుక్రవారం ఉపవాస ప్రార్థనల్లో సంఘమంతా ఆమె తల మీద చేతులు పెట్టింది. చేపల వాసన చేతులు, సబ్బు వాసన చేతులు, పేడ వాసన చేతులు. ఆ చేతుల బరువు ఆమెకు ఎంతో హాయిగా ఉండేది. నెమ్మదిగా, ఎప్పుడని చెప్పలేం, భయం వెనక్కి తగ్గింది. కరెంటు పోయినా, జనరేటరు అందుకునేదాకా, ఆమె అన్నం కలుపుతూనే ఉండగలిగింది.

ఎవరు బాగుచేశారు? మాత్రా? ప్రార్థనా? ఆమెకు తెలియదు. తెలిసినవాళ్ళెవరో చెప్పమనండి.

మేలు పొందినవాళ్ళు సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. అది వాళ్ళ రివాజు. పరీక్ష పాసైనవాడు చెబుతాడు, కాలు విరిగి నడిచినవాడు చెబుతాడు. పుష్పకుమారి కూడా తలమీద కొంగు సర్దుకుని నిలబడింది.

"ప్రభువు నన్ను పూర్తిగా స్వస్థపరిచినాడు."

పూర్తిగా...

ఆ ఒక్క మాట సంతోషంలో నోటికొచ్చింది. చర్చి అంతా స్తోత్రం, స్తోత్రం అంది. ఆ రోజు ఆమె మనస్ఫూర్తిగా నమ్మే అంది.

ఇంటికొచ్చి మాత్ర చేతిలోకి తీసుకుంది. తీసుకుని ఆగిపోయింది. పూర్తిగా అని చెప్పొచ్చాక ఇదేంటి? మాత్ర మింగితే మాట అబద్ధమవుతుంది. మాట నిజం కావాలంటే మాత్ర పోవాలి. పాస్టర్ గారు మానమనలేదు. ఎవరూ అనలేదు. ఆమే, తన చేతులతోనే, షీట్లన్నీ తీసుకెళ్ళి ఉప్పుటేట్లో పారేసింది. మరుసటి ఆదివారం ఆ సంగతి కూడా సంఘానికి చెప్పింది, సంబరంగా, పిచ్చితల్లి.

వానలు తగ్గేలోపే అది తిరిగొచ్చింది.

ఇదివరకటి కంటే గట్టిగా వచ్చింది. తల దిమ్ము, చెమటలు, పడుకుంటే మంచం ఊగడం. డాక్టరమ్మ తిట్టలేదు. చిన్న మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది పుష్పకుమారికి.

ఈసారి మాత్రలు ఉప్పు జాడీలో దాచింది. కల్లుప్పు కింద. ఇంటికొచ్చే సంఘం ఆడవాళ్ళు చొరవగా టీ పొడి డబ్బా తెరుస్తారు, చక్కెర డబ్బా తెరుస్తారు. ఉప్పు జాడీలో ఎవరు చెయ్యి పెడతారు? బెన్హర్ మేత చల్లడానికి పోయాక, ఉప్పులోకి వేళ్ళు దించి, మాత్ర తీసి నోట్లో వేసుకునేది. వేళ్ళకంటిన ఉప్పు నాలుకకు తగిలేది. ముందు ఉప్పు, తర్వాత చేదు.

ఆదివారం నవ్వు మొహం. సాక్ష్యం అంటే ఒక్కసారి చెప్పి కూర్చుంటే అయిపోయేది కాదు. ఎవరికి ఏ కష్టమొచ్చినా, మన పుష్పమ్మను చూడండి అనేవారు. అందరూ తలలు తిప్పి చూసేవారు. ఆమె నవ్వేది. నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టేవి.

ఒకరోజు జాడీలో ఉప్పు అడుగంటింది. షీట్ల వెండి అంచులు పైకి కనిపిస్తున్నాయి. రేపు తెచ్చుకోవాలి అనుకుని మరిచిపోయింది. మర్నాడు మూత తీస్తే...

జాడీ నిండా కొత్త ఉప్పు.

మోచేతి దాకా చెయ్యి దించి తడిమింది. అడుగున ఉన్నాయి మాత్రలు. చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి, వల దారంతో గట్టిగా కట్టి ఉన్నాయి. ఆ ముడి ఎవరిదో ఆమెకు తెలుసు.

ఆ పూట బెన్హర్ తలెత్తకుండా అన్నం తిన్నాడు.

"కూరలో ఉప్పు సరిపోయిందిమే," అన్నాడు.

అంతే అన్నాడు. ఆమె గిన్నెలు తోమే వంకన పెరట్లోకి పోయి కడుపారా ఏడ్చింది.

సంఘం పెద్ద ప్రార్థన సభలు, ఉజ్జీవ కూడికలు, దగ్గరపడ్డాయి. పందిరి రాటలు పాతారు. కొబ్బరిచెట్లకు లౌడ్‌స్పీకర్లు కట్టారు. ఫ్లెక్సీలో ఒక మూల పుష్పకుమారి ఫోటో కూడా వేశారు. మొదటిరోజు సాక్ష్యం నీదేనమ్మా అని పాస్టర్ గారు ఫోన్ చేసి చెప్పారు.

అప్పుడు వచ్చింది క్యాథరిన్. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఆమె కూతురు ఫ్లోరా చర్చిలో పాటలు ఎత్తుకునే పిల్ల. నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుతూ, క్లాసులో ఊపిరాడక పడిపోయి, డాక్టరు రాసిన మాత్రలతో ఇంటికి తిరిగొచ్చిన పిల్ల.

"పుష్పక్కా, నీ సాక్ష్యమే మా పిల్లను నిలబెట్టిందక్కా. మాత్రలన్నీ నీ మాదిరే ఏట్లో పారేసొచ్చింది!"

క్యాథరిన్ మొహం వెలిగిపోతోంది.

"ఎట్లుండాది... ఫ్లోరా?"

"గదిలోనే ఉండాదక్కా. తిండి లేదు, నిద్ర లేదు. మంచం దిగడంలే. శోధన గదా, దాటిపోతాదిలే. నీకు దాటిపోలా?"

పుష్పకుమారికి గుంట కనిపించింది. గట్టు అంచున మీసాలు పైకి పెట్టి... చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచింది.

"టీ తాగుతావా?" అంది.

ఛీ, అనుకుంది. క్యాథరిన్ టీ తాగి వెళ్ళిపోయేదాకా, వెళ్ళిపోయాక కూడా, ఛీ ఛీ అనుకుంటూనే ఉంది.

పొద్దు వాలుతుండగా మొదటి కూడిక. పందిరి నిండా జనం. క్యాథరిన్ ముందు వరసలో కూర్చుంది. ఆమె పక్కన ఫ్లోరా లేదు.

పుష్పకుమారి మైకు పట్టుకుంది. అందరూ మాటలు ఆపేశారు. అంతమంది ఒక్కసారే ఊరుకుంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

వచ్చేసింది.

పిడికిలి. తిమ్మిరి. హోరు. ఊపిరి అందక ఆమె రొప్పింది. మైకు నోటి దగ్గరే ఉంది. ఆ రొప్పు లౌడ్‌స్పీకర్లలోంచి పందిరి దాటి, ఇళ్ళు దాటి, ఉప్పుటేరు దాటి పోయింది. ఊరంతా ఆమె ఊపిరి విన్నది.

పరుగెత్తుదామనుకుంది. చెప్పులు కనిపిస్తున్నాయి కూడా. కానీ ముందు వరసలో ఆ పిల్ల లేదు.

"నేను..." రొప్పు. "నేను ఆరోజు అబద్ధం చెప్పలే. బాగైందనే అనుకున్నా." రొప్పు. "మళ్ళా వచ్చింది. మాత్రలు వేసుకుంటా ఉండా. ఈరోజు కూడా వేసుకునే వచ్చినా. అవి ఏట్లో పారేయడం తప్పు. నేను చేసింది తప్పు. ఫ్లోరా... వింటా ఉండావా, అమ్మా?"

ఎవరూ స్తోత్రం అనలేదు.

పాస్టర్ గారు నెమ్మదిగా మైకు అందుకున్నారు. ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, మానుకుని, పాట అందుకోమని డోలక్ అబ్బాయికి సైగ చేశారు. పందిరి వెనక నిలబడిన బెన్హర్ ఆమె చెప్పులు చేత్తో పట్టుకొచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె క్యాథరిన్ ఇంటికి పోయింది. క్యాథరిన్ వాకిట్లో చేపలు తిరగేస్తోంది. తల ఎత్తలేదు.

"ముందే చెప్పుండొచ్చు గదక్కా."

"చెప్పుండాల్సింది."

క్యాథరిన్ దారి ఇవ్వలేదు, అడ్డం కూడా రాలేదు.

లోపల ఫ్లోరా గోడకు ఆనుకుని, మోకాళ్ళు కావలించుకుని ఉంది. పెదాలు పగిలిపోయాయి. పాటలు ఎత్తుకునే పిల్లేనా అనిపించింది. పుష్పకుమారి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

"నీ ఊపిరి వినపడిందత్తా, మైకులో."

"ఊఁ."

"అయితే ప్రభువు నిన్ను ముట్టలేదా అత్తా?"

పుష్పకుమారి ఈ ప్రశ్నకు భయపడే ఇన్నాళ్ళూ ఉప్పులో దాచింది. తల మీది చేతులు గుర్తొచ్చాయి, ఆ బరువు, ఆ హాయి. డాక్టరమ్మ గుర్తొచ్చింది. దారపు ముడి గుర్తొచ్చింది.

"తెలీదమ్మా," అంది. "రేపు పొద్దున్నే బస్సుకు పోదాం. నెల్లూరుకి. డాక్టరమ్మ తిట్టదు. నేను కూడా వస్తా గదా."

ఫ్లోరా కిటికీ వైపు చూస్తోంది. బయట మబ్బు కమ్ముకుంటోంది.

పైన ఫ్యాన్ నెమ్మదించింది.

దూరంగా గుంటల్లో... తప... తప......... తప.........

ఆగిపోయింది.

నిశ్శబ్దం ఇద్దరి మీదా ఒకేసారి పడింది. పిల్ల వేళ్ళు ఆమె చేతిలో బిగుసుకున్నాయి, విడిపించుకోవడానికో, పట్టుకోవడానికో. పిల్ల నోరు తెరుచుకుంది. గాలి లోపలికి పోవడం లేదు. పుష్పకుమారికి కూడా గుండె అప్పటికే పిడికిట్లో పడింది.

బెన్హర్ ఈపాటికి గట్టు మీద పరుగెత్తుతూ ఉంటాడు. జనరేటరు ఇంకా అందుకోలేదు.

ఆమె రెండో చెయ్యి పిల్ల వీపు మీద వేసింది. తట్టింది. మళ్ళీ తట్టింది. ఆగకుండా తడుతూనే ఉంది, ఉత్త చేత్తో.

తప...

తప...

తప...