దూది తగిలితే

వెంకటేశ్వరమ్మ పత్తికట్టె ఎక్కించిన ట్రాక్టరు మీద నుంచి జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది ఉగాది ముందు. దసరాకల్లా ఎముక అతుక్కుంది. ఎక్సరే చూసిన డాక్టరూ ఆ మాటే చెప్పాడు. చెయ్యి మాత్రం కారం రాసినట్టు మండుతూనే ఉంది. కొంగు తగిలినా ఉలిక్కిపడేది. ఫ్యాను గాలికి కూడా చేతిని ఒళ్ళో దాచుకునేది.

"పత్తి తీతలు మొదలయ్యాయిగా, అదీ దీని రోగం!" అనేది అత్త సుబ్బరావమ్మ, వీధంతా వినేలా.

మొగుడు యలమంద అంత మాట అనలేదు గాని, వాడకపోతే చెయ్యి చచ్చుపడుతుందని నమ్మాడు. రోజూ సాయంత్రం ఆముదం కాచి, ఆమె ఏడుస్తున్నా ఆగకుండా గట్టిగా రుద్దేవాడు. "అలవాటు పడాలే, ఓర్చుకో." మంట కంటే ఆ మాటే ఆమెకు ఎక్కువ బాధ. ఒక్క మనిషి నమ్మితే చాలనుకునేది.

చివరికి ఒంగోలులో నరాల డాక్టరు రాగసుధ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈవిడైనా పెళ్ళానికి గట్టిగా నాలుగు చివాట్లు పెడుతుందని అతని ఆశ.

డాక్టరు ఆమెను కళ్ళు మూసుకోమని, పోగులా నలిపిన దూదిని ఎడమచేతికి తాకించింది.

"తెలుస్తోందా అమ్మా?"

"దూది గదండీ."

అదే పోగు కుడిచేతికి తాకగానే వెంకటేశ్వరమ్మ కెవ్వుమని కుర్చీలోంచి లేచింది. "వాత పెట్టారేంటండీ!"

యలమందకు నవ్వొచ్చింది. డాక్టరు నవ్వలేదు. "ఈ చేతిమీద ఇంకో రెండుసార్లు ఓర్చుకుంటావా?" అని ఆమెనడిగి, ఆమె సరేనని మళ్ళీ కళ్ళు మూసుకున్నాక పోగును అతని చేతిలో పెట్టింది. అతను వరస తప్పించి ఎడమ, ఎడమ, కుడి, ఎడమ, కుడి తాకించాడు. ఒక్కసారీ ఆమె పొరబడలేదు. కుడిచేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, పైపెదవి మీద చెమట పట్టింది. క్వింటాళ్ళ కొద్దీ పత్తి తీసిన చెయ్యి అది. యలమంద పోగును బల్లమీద పెట్టేశాడు.

"దెబ్బ కబురు చేతి నుంచి వెన్నుపాముకు పోతుంది," అంది డాక్టరు. "అక్కడి నరకణాలు దాన్ని అందుకుని మెదడుకు పంపుతాయి. నెలల తరబడి అదే కబురు మోసేసరికి వాటికి బెదురు పట్టుకుంది. ఇప్పుడు ఊరికే తాకినా నొప్పనే కబురంపుతున్నాయి. దొంగలు పడ్డ ఇంట్లో కుక్క ఆకు కదిలినా మొరుగుతుందే, అలాగ."

"కొడితే మానుతుందాండీ?" అడిగాడు యలమంద.

"కొడితే ఇంకా మొరుగుతుంది."

యలమంద గొంతు తగ్గించాడు. "నేను రోజూ రుద్దుతున్నానండీ."

"మానెయ్యండి. మెత్తటి గుడ్డతో తన చేతిని తనే తాకి చూసుకోవాలి, ఓర్చుకోగలిగినంతే. మందులు రాస్తాను. నెలలు పడుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను."

తిరుగు ప్రయాణంలో పొదిలి బస్సు కిక్కిరిసి ఉంది. ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, యలమంద పక్క సీటు ఖాళీగా వదిలి, దానికి అడ్డంగా నిలబడి, జనం తోపుళ్ళన్నీ వీపుమీదే కాచుకున్నాడు.

"ఏవయ్యా, పక్కన అంత చోటు పెట్టుకుని అడ్డంగా నిలబడ్డావ్?" అన్నాడు మూట మోస్తున్న పెద్దాయన.

"చెయ్యి నొప్పండీ ఆమెకి."

"కట్టయినా లేదే!"

"లేకపోయినా నొప్పే. కాస్త అటు జరగండి."

వెంకటేశ్వరమ్మ తలెత్తి చూసింది. అతను వంగి, "అమ్మకి నేను చెప్తాలే," అన్నాడు.

"ఏమని?"

"నొప్పి ఉందని."

వెంకటేశ్వరమ్మ మొహం కిటికీవైపు తిప్పుకుని, ఎడమచేత్తో కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు.