బిడ్డ మీద మోగిన మిషన్

స్వీటీకి ఉన్న భయాల్లోకెల్లా పెద్దది ఒకటే. తన బిడ్డను ఎవరో ఒకరు తన చేతుల్లోంచి లాక్కుపోతారని. దొంగలే కానక్కర్లేదు. మంచివాళ్లయినా, బిడ్డ మేలు కోరే వాళ్లయినా, లాక్కుపోతే పోయినట్టేనని ఆమె నమ్మకం. గౌలిపురలో వాళ్లుండేది ఒకే ఒక్క గది. తలుపుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టాక కూడా, తన చున్నీ కొసను పదకొండు నెలల ధన్విక మొలతాడుకు ముడేస్తే గానీ ఆమె కళ్లు మూసేది కాదు.

"గొళ్లెం పెట్టిన ఇంట్లకు ఎవడొస్తడే? బల్లి ఎత్కపోతదా పిల్లను?" అని మొగుడు అంజన్ నవ్వేవాడు.

"బల్లి గూడ రావొద్దు" అనేది స్వీటీ.

అంజన్ పని పాత ఇళ్లు కూల్చిన చోట్ల. కాంట్రాక్టర్ జేసీబీతో ఇల్లు పడగొట్టి, తలుపులూ దూలాలూ పట్టుకుపోయాక మట్టీ రాళ్లూ కలిసిన మల్బా మిగులుతుంది. లారీలొచ్చి ఆ మల్బాను ఎత్తుకుపోయేలోగా అందులో కూరుకుపోయిన ఇనుప చువ్వలు, ఇత్తడి గొళ్లేలు, నీళ్ల పైపులు ఏరుకోవడం అంజన్ వంతు. దానికోసమే ఎవరి దగ్గరో వాడేసిన మెటల్ డిటెక్టర్ ఒకటి కొన్నాడు. పొడుగాటి కర్ర, దాని కొసకు పళ్లెమంత చక్రం. నేలకు ఆనీ ఆనకుండా ఆడిస్తూ పోతే కింద లోహం ఉన్న చోట కుయ్యిమంటుంది. ఇంట్లో దాన్ని మిషన్ అనేవాళ్లు.

తంటా అంతా ఆ కూతతోనే వచ్చేది. పాడుబడ్డ ఇంట్లో మిషన్ కూసిందంటే చాలు, చుట్టుపక్కల గోడల మీద తలలు లేచేవి. ఎప్పటి ఇల్లో, నేల కింద ఎన్ని బిందెల బంగారముందో అని ఎవరికి తోచింది వాళ్లు అనుకునేవాళ్లు. ఒకడు "ఏం దొరికింది భాయ్?" అని ఊరికే అడిగేవాడు. ఇంకొకడు సంచీ విప్పమనేవాడు. నయాపూల్ అవతల ఒక చోట నలుగురు కలిసి అంజన్ కాలర్ పట్టుకున్నారు. జేబులు దులిపితే తుప్పు మేకులు రాలాయి. దాంతో ఇంకా మండిపోయి, "అసల్ మాల్ ఏడ దాచినవ్‌రా?" అని చెంప పగలగొట్టారు.

ఆ రోజు ఇంటికొచ్చి అంజనే అన్నాడు, "రేపటి సంది నువ్వు గూడ రా, పాపను తీస్కొని. ఒక్క మొగోడు మిషన్ పట్టుకుంటె దొంగ లెక్క కనపడ్తడు. పెండ్లాం పిల్ల ఉంటె సంసారి అనుకుంటరు."

స్వీటీకి మనసొప్పలేదు. పాత గోడలు, దుమ్ము, పురుగూ పుట్రా. కానీ వాచిన చెంప చూసి సరేనంది. అతను చెప్పిందే నిజమైంది. మూడు వారాలపాటు ఎక్కడికి వెళ్లినా ఆమె చాప పరిచి కూర్చునేది, చూడవచ్చిన వాళ్ల చూపు మిషన్ మీంచి బిడ్డ మీదికి జారేది. "ఎన్నో నెలమ్మా?" అని అడిగేవాళ్లు. ఒక చోటయితే ఎదురింటి వాళ్లు చాయ్ కూడా పంపారు.

"చూసినవా, నీ బిడ్డనే మన లైసెన్స్" అన్నాడు అంజన్.

ఆ మాట ఆమెకు నచ్చలేదు. 

నాలుగో వారంలో శాలిబండ వైపు ఒక లోపలి సందులో పని దొరికింది. పెద్ద దేవిడీ. ఒకప్పుడు ఎవరో గొప్పవాళ్లున్న ఇల్లు, పదిహేనేళ్లుగా మనిషి లేడు. సగం కూల్చారు. వెళ్లాల్సిన రోజు అమావాస్య అయింది.

"ఇయ్యాల వద్దయ్యా. అమాస" అంది స్వీటీ.

"రేపు పొద్దుగాల లారీలొస్తయి. అమాసతోని ఇనుము గూడ పోతది."

పోక తప్పలేదు. అందుకే ఆ పొద్దున తల్లిగా తను చేయగలిగినవన్నీ చేసింది. బిడ్డ చెంప మీద, అరికాలిలో కాటుక చుక్కలు పెట్టింది. నుదుట రోజూ కంటే పెద్ద కుంకుమ బొట్టు దిద్దింది. చేతికి ఎర్రదారం కట్టింది. తిరిగొచ్చేటప్పుడు దిష్టి తీసి పారేయడానికని రెండు నిమ్మకాయలు సంచీలో వేసుకుంది. కూరగాయలు తరిగే చాకు కూడా వేసుకుంది. పక్కన ఇనుముంటే పసిపిల్లల జోలికి గాలీ ధూళీ రాదని నాయనమ్మ చెప్పిన మాట. పురిటి మంచం నాటి నుంచీ ఆ చాకు ధన్విక పడక కింద ఉంటూనే ఉంది.

పదకొండు గంటలకు బిడ్డ నిద్రపోయింది. కూలకుండా మిగిలిన కమాను నీడలో స్వీటీ చాప వేసి, బొంత పరిచి, బొంత కింద చాకు పెట్టి, తలాపున నిమ్మకాయలుంచి పడుకోబెట్టింది. అంజన్ నేల ఊడుస్తున్నట్టు మిషన్ ఆడిస్తూ వచ్చాడు. చాప పక్కకు రాగానే అది గొంతెత్తింది. కింద చాకుందని అతనికి తెలుసు. అయినా తమాషాకి చక్రాన్ని బిడ్డ మీదుగా అటొకసారి, ఇటొకసారి తిప్పాడు. అది కూసినప్పుడల్లా ధన్విక నిద్రలోనే పెదవి విరిచింది.

"దొరికిందే! బంగారం గీడనే ఉంది!" అని గట్టిగా అన్నాడు.

"చాల్ తియ్యి, లేస్తది" అని స్వీటీ నవ్వింది. తర్వాత చాలా రోజులు, అన్నిటికంటే ఆ నవ్వే ఆమెను కోసింది.

ఎందుకంటే అదే సమయానికి పక్క డాబా మీద నాగమణమ్మ బట్టలు ఆరేస్తోంది. సందులో ఎవరింట్లో ఏం జరిగినా తనకు తెలియాలనుకునే మనిషి. ఆమె కిందికి చూసింది. అమావాస్య నాడు పాడుబడ్డ దేవిడీ. నేల మీద కదలకుండా పసిబిడ్డ, మొహాన ఇంత కుంకుమ, తలాపున నిమ్మకాయలు. బిడ్డ మీద తిప్పుతున్న మిషన్. బంగారం ఇక్కడే ఉందన్న మాట, ఆపైన నవ్వు. గుప్తనిధుల కోసం ఫలానా చోట పసిపిల్లను బలిచ్చారని టీవీలో ఎన్నిసార్లు చూడలేదు ఆమె! తడిబట్ట చేతిలోంచి జారిపోయింది.

"ఓరి దేవుడా! పిల్లను బలిస్తున్నర్రో! ఉరికి రాండ్రో!"

రెండు నిమిషాల్లో సందంతా లోపలికొచ్చింది. అందరికంటే ముందు, సందు మొగదల సెల్‌ఫోన్లు బాగుచేసే నవీద్, ఫోన్ ఎత్తి వీడియో తీసుకుంటూ.

"క్యా చల్‌రా భాయ్ ఇధర్? ఏంది ఇదంతా?"

"ఇనుము ఏరుకుంటున్నం భాయ్. కాంట్రాక్టర్ చెప్పిండు" అన్నాడు అంజన్.

"ఇనుము ఏరనీకి పిల్లకు గంత బొట్టెందుకు?"

"అమాస గద అన్నా, దిష్టి తగలొద్దని..." స్వీటీ మాట పూర్తికాలేదు.

"ఇన్నరా! అమాస అని వాళ్ల నోటితోనే చెప్తున్నరు!" అని అరిచింది నాగమణమ్మ. అరుస్తూనే వంగి బిడ్డను ఎత్తేసుకుంది. బొంత జారింది. కింద ఉన్న చాకు రాయి మీద పడి ఖంగుమంది.

చాకు చూశాక ఇంకెవరూ ఏమీ అడగలేదు. అంజన్ మీద పడ్డారు.

"నా బిడ్డమ్మా! నేను దాని తల్లిని! ఇయ్యండి నాకు!"

"తల్లివైతే ఏంది?" నాగమణమ్మ వెనక్కి జరిగింది. "కన్నోళ్లే చంపుతున్నరు ఇయ్యాల్రేపు. నీకెట్లిస్త?"

ఎవరైనా బిడ్డను లాక్కుంటే, నేను తల్లినని అరిస్తే చాలని ఇన్నాళ్లూ స్వీటీ అనుకుంది. ఆ ఒక్క మాటా ఇక్కడ చెల్లలేదు. ఇంకో మాట ఆమె దగ్గర లేదు.

బిడ్డను ఒకరి చేతుల్లోంచి ఒకరు గుంజుతున్నారు. స్టేషన్‌కు తీసుకుపోదామని ఒకరు, దవాఖానకని ఒకరు. ధన్విక గుక్కపట్టి ఏడుస్తోంది, తల వెనక్కి వాలిపోతోంది. అప్పుడు దేవిడీ గోడకు ఆనుకునే ఉన్న ఇంటి ఆకుపచ్చ తలుపు తెరుచుకుంది. సలీమా బయటికొచ్చింది. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో ఆయాగా చేసి, ఇప్పుడు ఒంటరిగా ఉంటున్న ముసలామె. సందులో చిన్నాపెద్దా అందరూ ఖాలా, అంటే పిన్ని, అనే పిలుస్తారు.

"హటో! పసిపిల్లను గట్ల గుంజుతున్నరేంది, మెడ విరగనీకి? దిమాగ్ ఉందా మీకు?"

అంటూనే బిడ్డను అందుకొని, కీళ్లు పట్టిన కాళ్లతో కుంటుకుంటూ తన ఇంట్లోకి పోయి గడియ పెట్టుకుంది.

మూసిన తలుపు అవతల బిడ్డ, ఇవతల తను. స్వీటీ రెండు చేతులతో ఆ తలుపు బాదింది. కాసేపటికి పక్కనున్న కిటికీ రెక్క తెరుచుకుంది.

"తలుపెందుకు పగలగొడ్తవ్ బేటీ? పోలీసోళ్లు వచ్చేదాంక పిల్ల నా దగ్గరుంటది. ఏడుపు ఇనపడ్తుందిగా? ఏడుస్తున్నంతసేపు మంచిగనే ఉన్నట్టు. ఇనుము ఏరుకొమ్మని కాయిదం ఏమన్న ఇచ్చిండా మీ కాంట్రాక్టర్?"

"ఇచ్చిండు ఖాలా! ఉంది, నా దగ్గరనే ఉంది!"

సంచీలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతపెట్టిన కాయితాలు రెండు. రెంటి మీదా ఇంగ్లిషే. స్వీటీ చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. తల్లి మంచాన పడితే తమ్ముళ్లకు వండిపెట్టేవాళ్లు లేక బడి మాన్పించారు. తెలుగయితే కూడబలుక్కుంటుంది. ఇంగ్లిష్ అక్షరాలు కన్నీళ్లలోంచి అన్నీ ఒక్కలాగే కనబడ్డాయి. చేతికొచ్చిన మడత కిటికీ ఊచల్లోంచి లోపలికిచ్చింది.

సలీమా కళ్లజోడు పెట్టుకొని విప్పింది. అది కాంట్రాక్టర్ కాయితం కాదు. ధన్విక టీకాల కార్డు.

ఆమె దాన్ని పైనుంచి కింది దాకా చదివింది. చివర, స్వీటీ తన కోసం వంకర అక్షరాలతో తెలుగులో రాసుకున్న ముక్క దగ్గర ఆగింది. "ఫిబ్రవరిల మల్ల సూది. మర్చిపోవద్దు." తర్వాత తలుపు తీసి గుమ్మంలోకొచ్చింది, చంకలో బిడ్డతో, చేతిలో కార్డుతో.

"నాగమణీ! ఇటు రా. ముప్పై ఏండ్లు గీ కార్డులు చూసుకుంటనే బతికిన. పుట్టిన నాడు, ఆరు వారాలకు, పది వారాలకు, తొమ్మిది నెలలకు, ఒక్క తారీఖు తప్పలే పిల్లకు. నీ మనుమరాలికి తొమ్మిది నెలల సూది పదమూడో నెలల ఏపిస్తివి, అది గూడ నేనొచ్చి లొల్లి చేస్తె. యాదికుందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నాగమణమ్మ తల తిప్పుకుంది.

"ఫిబ్రవరిల సూది ఉంది, మర్చిపోవద్దు అని రాసి పెట్టుకున్నది. ఫిబ్రవరి దాంక బతకాలె అనుకున్న పిల్లను ఇయ్యాల కోస్తదా తల్లి?"

సలీమా బిడ్డను స్వీటీ చేతుల్లో పెట్టి, ఆమెను లోపలికి నెట్టింది. "గడియ పెట్టుకో. నేను పిలిస్తెనే తియ్యి" అని తాను బయటే, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తలుపు వెనక బిడ్డను రొమ్ముకు అదుముకొని కూలబడిన స్వీటీకి బయటి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"నీకెంత వాటా ఇస్తమన్నరు ఖాలా?"

"అందుకేనా పిల్లను దాస్తున్నవ్?"

సలీమా ఏమందో వినబడలేదు.

అరగంటకు పోలీసులొచ్చారు. కాంట్రాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి, సాయంత్రానికి అంజన్‌ను వదిలేశారు. అప్పటికే అతని కుడిచేయి విరిగింది, రెండు పళ్లు పోయాయి. వెళ్లేటప్పుడు సలీమా తన ఫోన్ నంబరు కార్డు వెనక రాసిచ్చింది.

నవీద్ తీసిన వీడియో నలభై సెకన్లు ఉంటుంది. చాకు కింద పడటంతో మొదలై, సలీమా బిడ్డతో ఇంట్లోకి పోయి గడియ పెట్టుకోవడంతో అయిపోతుంది. కార్డు చదివింది అందులో లేదు. తర్వాత నవీదే దాన్ని తీసేశాడట. కానీ అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఎవరు చెప్పగలరు? బలిచ్చేవాళ్లకు సాయం పట్టిన ముసలిదని సలీమాకు పేరు పడింది.

స్వీటీ రోజూ ఫోన్ చేసేది. "తలుపుకు ఒక రాయి తగిలింది, అంతే. ఫికర్ నక్కో, భయపడకు" అనేది సలీమా. ఇంకో రోజు, పాలు పోసేవాడు రావడం లేదంది. తన సంగతి రెండు మాటల్లో తేల్చేసి, "పిల్ల నిద్రల ఉలిక్కిపడ్తలేదు గద?" అని అడిగేది. పదో రోజు నుంచి ఆ ఫోన్ స్విచ్ఛాఫ్.

పన్నెండో రోజు స్వీటీ, బిడ్డ పుట్టాక మొదటిసారి, దాన్ని అంజన్ దగ్గర వదిలి ఒక్కతే బయలుదేరింది. సందు మొగదల దాకా పోయింది. "గదేరా, చాకుది!" అని ఎవరో గుర్తుపట్టారు. నలుగురు లేచారు. ఆమె వెనక్కి పరుగెత్తింది. ఆకుపచ్చ తలుపు అంత దూరం నుంచి కనబడింది. మూసి ఉంది. స్టేషన్‌లో అడిగితే చూస్తామన్నారు. ఇప్పటికి నెల దాటింది. స్వీటీ ఇంకా రోజూ ఆ నంబరు కొడుతూనే ఉంది.

ఆ సందులోకి స్వీటీ గానీ అంజన్ గానీ పోలేరు. మీ మొహాలు అక్కడెవరికీ తెలియవు. శాలిబండ వైపు ఏ పని మీదనైనా వెళ్తే, కూల్చిన దేవిడీ ఎక్కడని అడగండి, దాని గోడకు ఆనుకునే ఉంటుంది ఆ ఇల్లు. తలుపు తట్టండి. కీళ్లనొప్పుల మనిషి, లేచి రావడానికి సేపు పడుతుంది. జవాబు రాలేదని తిరిగిపోకండి, ఇంకోసారి తట్టండి. సలీమా ఖాలా ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి.