బూట్లు కరిచిన కాళ్ళు

చవగ్గా వస్తున్నాయి కదా అని పొద్దున్నే పోయి బూట్లు కొనకూడదు. ఈ ముక్క కోడలికి సాయంత్రానికి గానీ తెలిసిరాలేదు. పొద్దున దుకాణంలో ఉత్తి కాళ్ళతో వేసుకుంటే అతికినట్టు సరిపోయాయి. రోజంతా మందుల గోడౌన్‌లో నిలబడి అట్టపెట్టెలు కట్టి, ఉబ్బిన కాళ్ళతో ఇంటికొచ్చి సాక్సులు తొడుక్కుని వేసుకోబోతే, మడమ లోపలికి పోనంటే పోనని మొరాయించింది. తగ్గింపు అమ్మకంలో కొన్న సరుకు, దుకాణంవాడు వెనక్కి తీసుకోడు.

"ఇంకేం, సాక్సులు తీసేసి పరిగెత్తు," అన్నాడు మొగుడు. అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏ సమస్యకైనా ఏదో ఒకటి ఊడదీస్తే సరిపోతుందని అతని నమ్మకం.

ఈ పరుగు సరదాకి కాదండోయ్. ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగానికి పరుగు పరీక్ష పెడతారు. పోయినేడు సగం దూరంలో మడమల మీద బొబ్బలు చిట్లి, కుంటుకుంటూ పక్కకి తప్పుకుంది. ఆ రోజు ఇంటి మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు వీధి వీధంతా విన్నది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఈసారి తప్పిందా, ఇక జన్మంతా ఆ అట్టపెట్టెలే.

ఇక అత్తగారు. ముందుగదిలో కాలితో తొక్కే కుట్టుమిషన్ వేసుకుని బడిపిల్లల నీలం యూనిఫారాలు కుడుతుంది. వీధిలో అందరూ ఆవిడను కత్తెరమ్మ అంటారు. చేసే పనిని బట్టి వచ్చిన పేరని ఆవిడ మురిసిపోతూ ఉంటుంది. ఆవిడ నోరు ఎరిగినవాళ్ళెవరూ కాదని చెప్పే సాహసం చేయలేదు. అత్తాకోడళ్ళిద్దరి పాదాలదీ ఒకటే కొలత. అందుకని నా చెప్పులు నువ్వేసుకెళ్ళావంటే నా చెప్పులు మీరేసుకెళ్ళారని ఆ ఇంట్లో రోజూ ఒక రగడ.

"తెల్లారేసరికి వీధులెంబడి ఆ పరుగులేమిటే? ఇల్లేమన్నా తగలబడిపోతోందా?" అనేది అత్తగారు.

"తగలబడితే ఆర్పడానికేగా అత్తయ్యా ఈ పాట్లన్నీ!" అనేది కోడలు.

సాక్సుల్లేకుండా మొదటిరోజు పరిగెత్తి, కోడలు కాలుగాలిన పిల్లిలా ఇల్లు చేరింది. రెండు మడమల మీదా బొబ్బలు. మైదానంలో పరుగు నేర్పే కోచ్ చెడామడా చీవాట్లు పెట్టాడు. "కొత్త బూట్లు, సాక్సుల్లేవు, మొదటిరోజే అంత దూరమా? బుద్ధుందా నీకు? ముందు వీధి చివరిదాకా పోయిరా, చాలు. కాళ్ళు తడి లేకుండా తుడుచుకో. మడమలకీ వేళ్ళ సందుల్లోకీ వాజలీన్ పట్టించు. లేసులు బిగించి కట్టు, మడమ లోపల జారిందంటే బొబ్బ ఖాయం. ఈ పుండు మానేదాకా ఆ బూట్ల జోలికి పోకు."

బూట్లను తలుపు వెనక మూలన పడేసి, కోడలు చెప్పులతోనే గోడౌన్‌కి పోయి వచ్చింది. ఆ రోజుల్లోనే అత్తగారు కుంటడం మొదలెట్టింది.

"పరిగెత్తేది నేనూ, కుంటేది ఆవిడానా? నాచేత ఈ పరుగు మానిపించడానికి ఎత్తు కాకపోతే ఏమిటిది!" అంది కోడలు మొగుడితో. అతను నవ్వేశాడు. ఉండబట్టలేక అత్తగారినే అడిగితే, "ఏమవుతుంది? ముసలితనం. నీ పని నువ్వు చూసుకో," అని కసిరింది.

పుళ్ళు మానాయి. కోడలు వాజలీన్ పట్టించి, గుండె చిక్కబట్టుకుని బూట్లు తొడిగింది. మొదట వీధి చివరికి, తర్వాత మైదానం దాకా, ఆ తర్వాత మైదానం చుట్టూ. బూట్లు ఎక్కడా కరవలేదు! అన్నాల దగ్గర వాజలీన్ మహిమ చెప్పిందే చెప్పింది.

"అవునవును, ఆ డబ్బాకి దండం పెట్టుకో," అంది కత్తెరమ్మ, కంచంలోంచి తలెత్తకుండా.

పరీక్ష రోజు బూట్లు దులుపుతుంటే లోపలినుంచి ఒక నీలం దారప్పోగు రాలింది. తొందరలో దాన్ని ఉఫ్‌మని ఊదేసి పరిగెత్తింది. పోయినేడు తప్పుకున్న మలుపు వచ్చింది. ఇక్కడే కదా మంట మొదలయింది! మలుపు దాటింది. మంట లేదు. అక్కడినుంచి వెనక్కి చూడకుండా పరిగెత్తి, గడువు ఈల మోగకముందే గీత దాటేసింది. కోచ్ చప్పట్లు కొట్టాడు.

ఆయాసం తీర్చుకుంటూ బూట్లు విప్పితే, కోచ్ ఒకటి చేతిలోకి తీసుకుని వంచి చూశాడు. "మడమ దగ్గర భలే మెత్తబడ్డాయే! తెగ తిరిగినట్టున్నావు వీటితో."

"ఎక్కడ సార్, నాలుగు రోజులు కూడా..." అనబోయి ఆగిపోయింది. లోపలి కుట్టులో ఇంకో నీలం పోగు చిక్కుకుని ఉంది. నీలం యూనిఫారాలు. ఒకటే కొలత పాదాలు. కుంటుతున్న అత్తగారు.

ఇంటికి వచ్చేసరికి కోడలి కళ్ళు ధారలు కడుతున్నాయి. మిషన్ తొక్కుతున్న అత్తగారి ముఖం పాలిపోయింది.

"పోయిందా? పోతే పోయిందిలే, పాడు ఉద్యోగం. ఏడవకే తల్లీ."

"పాసయ్యాను అత్తయ్యా."

"ఓసి నీ దుంపతెగ! మరి ఆ ఏడుపేమిటి?"

"మీ కాళ్ళు చూపించండి."

కత్తెరమ్మ గబుక్కున కాళ్ళు మిషన్ కిందికి లాక్కుంది. కోడలు వదిలితేనా! నేల మీద కూలబడి ఒక పాదం ఒళ్ళోకి తీసుకుంది. మడమ మీద బొబ్బ చిట్లి, ఎండి, దాని పక్కనే మరొకటి.

"మొదట తడిపి వేసుకున్నా," అంది ఆవిడ, దొరికిపోయిన దొంగలా. "మిషన్ తొక్కుతుంటే అదే మడతపడుతూ మెత్తబడింది. లోపలి కుట్టు గట్టిగా ఉంటే కత్తెర పిడితో నాలుగు దెబ్బలేశా."

"సాక్సులన్నా వేసుకోకూడదూ?"

"సాక్సులేసుకుంటే నాకు మాత్రం పడతాయేమిటే?"

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే వేసుకోనిచ్చేదానివా? కొత్త బూట్లు ఎవరో ఒకర్ని కరవకుండా వదలవు. నేను కూర్చుని తొక్కేదాన్ని, నువ్వు పరిగెత్తాల్సినదానివి. నన్ను కరిస్తే ఏం పోయింది? ఆ మెట్ల మీద నీ ఏడుపు ఇంకోసారి వినడం నావల్ల కాదు."

"నాటకమాడుతున్నారనుకున్నాను అత్తయ్యా. మీ రుణం ఎలా తీర్చుకోను?"

"రుణమూ లేదు, పాడూ లేదు. నా చెప్పులు వేసుకోవడం మానెయ్, చాలు."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. లేచి వెళ్ళి వాజలీన్ డబ్బా తెచ్చి ఆవిడ మడమకి మెల్లగా రాయసాగింది. ఇంతలో మొగుడి ఫోను.

"ఏమైంది? పాసయ్యావా?"

"నేనూ అత్తయ్యా ఇద్దరం పాసయ్యాం."

"అమ్మా? అమ్మేం చేసింది?"

కత్తెరమ్మ పెదాల మీద వేలు పెట్టి కళ్ళురిమింది.

"సాయంత్రం ఇంటికి రండి, చెబుతాను," అని ఫోను పక్కన పెట్టి, కోడలు రెండో పాదం ఒళ్ళోకి తీసుకుంది.