కోడలు తినని కూర

దవాఖాన నుంచి ఇంటికొచ్చిన సంగమ్మ కంట్లో మొదట పడ్డవి టీ గ్లాసులు. అరుగు మీద చుట్టాలు కూర్చున్నారు, వాళ్ల ముందు గ్లాసులున్నాయి, ఒక్కటీ ఖాళీ కాలేదు. టీ మీద మీగడ కట్టి ఈగలు వాలుతున్నా తీసేవాళ్లు లేరు. పరామర్శకొచ్చిన వాళ్లు టీ ముట్టకపోవడం నారాయణఖేడ్‌లో ఎక్కడా చూడం. ఈ టీ పెట్టింది కోడలు స్వరూపరాణి కాబట్టి ముట్టలేదు.

సంగమ్మ భర్త మాణిక్యప్ప పోయి అప్పటికి వారం దాటింది. ఈమెకు సెలైన్ ఎక్కుతుండగానే అక్కడ ఆయన్ను సాగనంపేశారు. కడసారి చూపు కూడా దక్కలేదు. కొడుకు నగేష్ ఇంకా హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో ఉన్నాడు. లివర్ దెబ్బతిన్నదని, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టర్లు అంటున్నారు. మనవరాలు శ్రీవాణి గురుకులం హాస్టల్లో ఉండబట్టి బయటపడింది. ముగ్గురు తిన్నదీ ఒకటే కూర. వండింది స్వరూప, తిననిదీ స్వరూప. జనానికి ఇంతకంటే ఏం కావాలి?

తొలకరి పడి, నాగల్‌గిద్ద తోవలో ఉన్న చేనులో కంది విత్తుతున్న రోజులవి. మాణిక్యప్ప గట్టు మీద లేచిన పుట్టగొడుగులు ఏరి తువ్వాలలో మూటగట్టుకొచ్చాడు. ఏటా తెస్తాడు. వాటిని ఏరడంలో తనంతటివాడు చుట్టుపక్కల లేడని ఆయనకు గొప్ప, ఆ గొప్పకు ఇంట్లో ఎదురు చెప్పినవాళ్లు లేరు. స్వరూప వాటిని కడిగి, ఉల్లిగడ్డ వేసి కూర చేసి, జొన్నరొట్టెలు కాల్చింది. తండ్రీకొడుకులు తిన్నారు, ఆ తర్వాత సంగమ్మ తిన్నది. ఆ రాత్రి అందరూ హాయిగానే నిద్రపోయారు.

మరునాడు పొద్దున వాంతులు పట్టుకున్నాయి. మరుసటి రోజుకు తగ్గిపోతే "ఏదో అరగలే" అని మాణిక్యప్ప మళ్లీ చేనుకు పోయాడు. ఈ విషం అంతేనట, మధ్యలో మనిషిని వదిలేసినట్టే వదిలి మళ్లీ పట్టుకుంటుందట. కళ్లు పచ్చబడి దవాఖానకు పరుగెత్తేసరికి ఆలస్యమైపోయింది. సంగమ్మ తక్కువ తిన్నది కాబట్టి బతికింది.

కల్హేర్‌లో ఇచ్చిన కూతురు రమ్యశ్రీ తల్లిని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది. హోటల్ నుంచి తెప్పించిన ఇడ్లీ ముందు పెట్టింది.

"వదినె చేతుల నీళ్లు గూడ తాగకు అమ్మా. పోలీసోళ్లకు నేనే రాసిచ్చిన."

"ఏమని?"

"ఏమనేంది? నాయినకు తెల్వదా ఏ పుట్టకొక్కు మంచిదో, ఏది కాదో? ఆయన మంచియే తెచ్చిండు. ఈమెనే ఇంకేందో కలిపింది. పోయిన నెల వాకిట్ల నిలవడి ఏమన్నది? నాకు వేరే పొయ్యి కావాలె, లేకుంటే ఈ ఇంట్ల పీనుగ లేస్తది అనలే? లేపింది సూడు!"

అన్నది నిజమే. వాడంతా విన్నది.

"వండినామె ఎందుకు తినలేదని ఎస్సై అడిగితే ఉపాసమున్న అన్నదట. పక్కింటి ఫాతిమాబీనేమో ఎన్క మెట్టు మీద రొట్టె తింటుంటె సూశిన అన్నది. దొంగ మాట దొరికె గదా? ఇంగోటి విన్నవా, ఫ్రిజ్‌ల నా స్టీల్ డబ్బా దొరికింది. దాంట్ల గా కూరనే. విషమున్నదని రిపోర్టు గూడ వచ్చింది. నాకు పంపనీకె కట్టి పెట్టింది అమ్మా! ఆ పొద్దు వానకు షాహెద్ ఆటో కల్హేర్ పోలే గాబట్టి బతికిన."

నోటిదాకా వచ్చిన ఇడ్లీ ముక్కను సంగమ్మ తిరిగి పళ్లెంలో పెట్టేసింది. ఆ డబ్బా కట్టింది తనే.

ఇంట్లో మంచి కూర ఏది వండినా, అందరూ తిన్నాక గిన్నెలో ఉన్నదాన్ని డబ్బాలోకి ఊడ్చి, ఫాతిమాబీ కొడుకు షాహెద్ ఆటోలో కూతురికి పంపడం ఆమెకు అలవాటు. వండేది కోడలు, పేరు మాత్రం తల్లిగారింటి కూర. కూతురికి కూర పంపడం తప్పని ఎవరూ అనరు. కాకపోతే ఆ గిన్నెలోంచి తినాల్సిన మనిషి ఇంట్లో ఇంకొకతె ఉంది. స్వరూప అందరికంటే చివర తింటుంది, ఆమె కూర్చునేసరికి గిన్నె అడుగు కనిపిస్తుంటుంది. రొట్టె మీద కారం, ఇంత నూనె వేసుకుని, వెనక మెట్టు మీద తినేసి లేస్తుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అంతే. మొదట్లో సంగమ్మ మనసులో కొంచెం గుచ్చుకునేది. తన అత్త తనకు పెట్టిందీ ఇంతే కదా అని సర్దుకుంది. పోను పోను గుచ్చుకోవడం కూడా మానేసింది. ఇక నగేష్ సంగతంటారా, కడుపు నిండి లేచిన మగవాడికి వెనక ఏం మిగిలిందో చూసే తీరిక ఎక్కడిది?

కోడలు వేరే పొయ్యి ఎందుకు అడిగిందో సంగమ్మకు ఇప్పుడు తెలిసింది. ఇడ్లీ పళ్లెం పక్కకు నెట్టింది.

"ఏమైందే అమ్మా?" అంది రమ్యశ్రీ.

"ఏం లే." చెప్పాలంటే భయమేసింది, సిగ్గేసింది. సిగ్గే ఎక్కువగా ఉంది.

మధ్యాహ్నం ఫాతిమాబీ వచ్చింది. స్వరూప ఇచ్చిన టీ అందరూ చూస్తుండగానే రెండు గుటకల్లో తాగేసి, గ్లాసు బోర్లించి, సంగమ్మ మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది.

"రొట్టె తింటుంటె సూశినవా అని అడిగిర్రు, సూశిన అన్న. ఏంతోని తిన్నదని వాళ్లు అడగలే. నేనూ జెప్పలే. నీ ఇంటి మాట నేనెట్ల జెప్తనక్కా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "రేపు కేసు కట్టి స్వరూపను సంగారెడ్డి జైలుకు తీస్కపోతరట. శ్రీవాణి వచ్చి మా అమ్మ యాడుందని అడిగితే ఏం జెప్తవో ఇప్పుడే సోంచాయించుకో."

సాయంత్రం చుట్టాలు వెళ్లాక, వాకిట్లో గ్లాసుల్లో టీ పారబోస్తున్న కోడలి దగ్గరికి సంగమ్మ గోడ పట్టుకుని నడిచింది.

"ఉపాసమని ఎందుకు జెప్పినవే?"

స్వరూప తలెత్తలేదు. "మరేం జెప్పాలె అత్తమ్మ? మా ఇంట్ల నాకు కూర మిగలదని ఠాణాల జెప్పాల్నా?"

"డబ్బా కట్టింది నేనని అయితే జెప్పొచ్చు గదా."

"నువ్వాడ సావు బతుకుల మీద ఉంటివి. నువ్వు కట్టినవంటే నిన్ను ఇడుస్తరా?"

కోపంతో అని ఉంటే సంగమ్మ తట్టుకునేది. స్వరూప ఉన్నమాట చెప్పినట్టు చెప్పి, గ్లాసులు తోమడానికి కూర్చుంది.

పొద్దున్నే సంగమ్మ షాహెద్ ఆటోలో పోలీస్ ఠాణాకు పోయింది. స్వరూపను అప్పటికే బల్ల మీద కూర్చోబెట్టారు, పక్కన మహిళా కానిస్టేబుల్. రమ్యశ్రీ ఇద్దరు పెద్దమనుషులను వెంటేసుకుని వచ్చి ఉంది. దవాఖాన నుంచి వచ్చిన మనిషని ఎస్సై జోసెఫ్ సంగమ్మకు కుర్చీ వేయించాడు.

మొదట ఆమె తేలికైన మాట చెప్పింది. అదీ అంత తేలికేం కాదు, పోయిన భర్త మీది మాట.

"సారు, మా ఆయనకు రెండు కండ్లల్ల పొరలుండె. విత్తనాలైనంక ఆపరేషన్ చేయించుకుంట, ఎవ్వరికి జెప్పకని నా నోరు కట్టేసిండు. పోయిన నెల పక్కోళ్ల దూడను మాదనుకొని తోలుకొచ్చి కట్టేసిండు. గసువంటి మనిషికి మంచి పుట్టకొక్కేదో, చెడ్డదేదో యాడ కనవడ్తది?"

"అమ్మా!" అంది రమ్యశ్రీ. "సచ్చినోని మీదికి నూకుతున్నవా?"

జోసెఫ్ చెయ్యెత్తి ఆమెను ఆపాడు. "సరే, ఆయన పొరపడ్డడే అనుకుందాం. కడిగి కోసినామె సూడలేదా?"

"ఆయన తెచ్చినదాన్ని ఇది మంచిదేనా అని అడిగే దమ్ము మా ఇంట్ల ఎవరికుండె సారు? నేనే ఎన్నడు అడగలే."

"మరి తినకపోవుడేంది? ఉపాసమని అబద్ధమెందుకు? డబ్బా ఎందుకు కట్టింది? అది జెప్పమ్మా."

సంగమ్మ బల్ల వైపు చూసింది. వద్దన్నట్టు స్వరూప తల ఊపింది. ఇంత జరిగాక కూడా ఆ పిల్ల ఇంటి పరువే కాస్తున్నదని సంగమ్మకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పింది.

"డబ్బా కట్టింది నేను. నా బిడ్డకు పంపుదామని కట్టిన. ఆ పొద్దు ఒక్కటే గాదు సారు, ఎప్పుడు గంతే. నా కోడలు మా ఇంటికొచ్చినకాంచి, తనకు మిగలకుండ గిన్నె ఊడ్చేది నేనే. ఆమె ఎన్క మెట్టు మీద కూసొని కారం అద్దుకొని రొట్టె తింటది. ఫాతిమాబీ సూశింది గదే. విషమని తెలిసి తినకపోలే, నేను పెట్టక తినలే. నా ఇజ్జత్ పోతదని ఉపాసమన్నది."

పెద్దమనుషుల్లో ఒకాయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఆయన ఇంట్లో చివర తినేది ఎవరో గుర్తొచ్చిందో ఏమో. రమ్యశ్రీ నోరు తెరిచి, మూసి, "నాకు తెల్వదు" అంది. తెలుసునని ఎవరూ అనలేదు. ఇన్నేళ్లూ ఆ డబ్బాలు ఊడ్చుకు తిన్నది తనే కదా, ఆ రుచి ఇప్పుడు నాలుక మీదికి వచ్చినట్టుంది, తల దించుకుంది.

"ఇంటి మాట. రాసుకోమంటవా?" అన్నాడు జోసెఫ్.

"రాస్కో సారు. మా ఆయన పేరు, నా పేరు రెండు రాస్కో."

ఫాతిమాబీని ఇంకోసారి, మాణిక్యప్ప కళ్ల పొరలు చూసిన డాక్టర్‌ను కూడా అడగాలని, పిలిచినప్పుడు రావాలని చెప్పి, జోసెఫ్ ఆ మధ్యాహ్నం స్వరూపను అత్తతోపాటు పంపించాడు. సంగారెడ్డి ప్రయాణం ఆగింది. ఆటోలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బస్సు డిపో దాటాక స్వరూప ఒక్కసారి కొంగుతో కళ్లు తుడుచుకుంది, అంతే. ఇంటికి చేరేలోపు నగేష్ తేరుకుని మాట్లాడుతున్నాడని హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది. అన్న దగ్గరికని రమ్యశ్రీ ఠాణా నుంచే హైదరాబాద్ బస్సెక్కింది. వదినె మొహం చూడకుండా పోవడానికి అదొక దారి.

ఇంట్లో ఇద్దరే మిగిలారు. స్వరూప పెసరపప్పు వండి రొట్టెలు కాల్చింది. ఎప్పటిలాగే పళ్లెంలో రొట్టె, పప్పు పెట్టి అత్త ముందుంచి, ఎప్పటిలాగే దూరంగా నిలబడింది.

సంగమ్మ ఈ మాట ఆటోలో కూర్చున్నప్పటి నుంచీ మనసులో అనుకుంటూ వచ్చింది. పళ్లెం కోడలి వైపు నెట్టి, "నువ్వు ముందుగాల తినే" అంది.

స్వరూప పళ్లెం వంక చూసింది, అత్త వంక చూసింది. కింద కూర్చుని, రొట్టె తుంచి, పప్పులో ముంచి, నమిలి మింగింది. చెంబెత్తి నీళ్లు తాగింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత పళ్లెం అత్త ముందుకు జరిపింది.

"నాకేం గాలే అత్తమ్మ. ఇగ తిను."

"గందుకు గాదే బిడ్డా! గందుకు గాదు" అంది సంగమ్మ. స్వరూప విన్నదో లేదో, విన్నా నమ్మిందో లేదో, పొయ్యి మీద రొట్టె మాడుతుందని లేచి వెళ్లింది. సంగమ్మ ఒక చేత్తో పప్పు గిన్నెను కోడలు కూర్చునే వైపు జరిపి, కోడలి ఎంగిలి పడ్డ రొట్టెనే తుంచుకుని నోట్లో పెట్టుకుంది.